బండల ఒడ్డున ఒక్క గీత

పెద్దనాయన పోయాడని నాకు చెప్పింది ఆయన చిన్న కూతురు. హోసూరు మూకండపల్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఫ్యాక్టరీ పనివాళ్ళ వరస ఇళ్ళలో ఉంటుంది ఆ పిల్ల. మంగళవారం పొద్దున మా వాకిట్లో చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "అక్కా, మా నాయన పోయినాడు. ఆదివారం సాయంత్రం. నిన్న మట్టి చేసినాము. లీవు చెప్పేదానికి ఫ్యాక్టరీకి వచ్చినాను, అట్లే నీకూ చెప్పిపోదామని" అంది.

"ఎట్లమ్మా? ఏమైనాది?" అన్నాను.

"గొర్రెలు తోలుకోని వచ్చినాడు. మంచం మింద కూచోని నీళ్ళడిగినాడు. అమ్మ చెంబు తెచ్చే లోపల అయిపోయినాడు."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. వాళ్ళ ఊరు కుందారపల్లి బస్సుకు టైమయిందని వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా నాన్నకు అన్నలు లేరు. ఆయనవి గొర్రెలు మేపుకునే వాళ్ళ ఇళ్ళు, మాది శూలగిరి పక్క సేద్యం ఇల్లు. ఒకే పడవలో మూడు రోజులు కూర్చున్న తరువాత నా నోటికి ఆ పిలుపు దానంతట అదే వచ్చింది. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే, నా గురించి ఒక మాట చెప్పకుండా అది సాగదని తెలిసింది. పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అది.

డెబ్బైల మధ్యలో నేను కృష్ణగిరిలో ఒక సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరాను. పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతలను ఇంకుతో దిద్దడం నా పని. ఆ ఏడు డ్యాము నీళ్ళ లోతు కొలిచే పని వచ్చింది. ఏటా ఏరు మట్టిని మోసుకొస్తుంది, అది అడుగున పేరుకుంటుంది. నీళ్ళు పైకి నిండుగా కనిపిస్తాయి గానీ, కింద నేల ఎంత పైకి లేచిందో ఎవరికీ తెలియదు. అది తెలియాలంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గీత గీసినట్టు పడవలో పోతూ, అడుగడుగునా లోతు చూసి రాసుకోవాలి. రెండు ఒడ్డుల మీదా జెండాలు పాతారు. పుస్తకంలో రాసే గుమాస్తాకు కామెర్లు వచ్చాయి. ఆఫీసులో ఇంకెవరూ లేక నన్ను పంపారు.

నాకు ఈత రాదు. ఒడ్డున ఉన్నది పడవ కూడా కాదు. వెదురుబద్దలు అల్లి తోలు కప్పిన గుండ్రటి పరిసలు, పెద్ద గంపలాగా ఉంది. అందులో కాలు పెట్టగానే అది గిర్రున తిరిగింది. నేను అంచు పట్టుకుని కూలబడ్డాను. ఎదురుగా యాభై ఏళ్ళ మనిషి, నల్లగా, సన్నగా, తలకు తువ్వాలు చుట్టుకుని తెడ్డు పట్టుకుని ఉన్నాడు.

"భయపడాకమ్మా" అన్నాడు. "డ్యాము కట్టకముందు ఈ నీళ్ళ అడుగున నేను గొర్రెలు మేపినాను. యాడ పడినా నాకు తెలిసిన తావే."

అది ధైర్యం చెప్పే మాటో కాదో నాకు అర్థం కాలేదు. కానీ నవ్వొచ్చింది. ఆ తరువాత భయం వేయలేదు.

ఆయన చేతిలో ఉన్నది ఒక తాడు, తాడు చివర పిడికెడు సీసం గుండు. తాడుకు రెండు చేతులు చాచినంత బారకొక తోలు ముక్క, మూరకొక ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉండేవి. గుండు అడుగున చిన్న గుంట, ఆ గుంటలో మైనం. గుండు నేలను తాకగానే తాడు వదులవుతుంది. వేళ్ళతో తడిమి చూసి, కళ్ళు నీళ్ళ మీద నుంచి తిప్పకుండానే "మూడు బారలు, ఒక మూర" అనేవాడు. గుండు పైకి లాగి మైనానికి అంటుకున్నది చూపించేవాడు. "ఇసక." "బురద." ఒక్కోసారి ఏమీ అంటేది కాదు. "బండ" అనేవాడు. నేను ఆ బారలనూ మూరలనూ మీటర్లలోకి మార్చి రాసుకునేదాన్ని. ఆయనకు చదువు రాదు. అయినా పొద్దున చెప్పిన లెక్క సాయంత్రం అడిగితే పొల్లు పోకుండా చెప్పేవాడు.

గుండు వదిలే ముందు పరిసలు అంచును రెండు వేళ్ళతో టకటకమని కొట్టేవాడు. మొదటి రోజు ఎందుకని అడిగాను.

"కింద ఉండేవాళ్ళకు చెప్పద్దా? మనింట్లోకి ఎవరన్నా చెప్పకుండా రాయి వేస్తే ఊరుకుంటామా?"

ఆఖరి మూరెడు తాడును నెమ్మదిగా వదిలేవాడు. ఇసుకలో ఒళ్ళు కప్పుకుని పడుకునే తాబేళ్ళు ఆ తావులో ఉంటాయట. మోకాలి లోతు నీళ్ళలో కొరమీను పిల్లల గుంపు ఎర్రగా, దుమ్ము లేచినట్టు కదులుతుంటే, పరిసలును అంత దూరం చుట్టి తిప్పేవాడు. ఆ పిల్లల కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయని, గుంపు చెదిరితే నీటికాకులు ఒక్క పూటలో ఖాళీ చేస్తాయని ఆయనే నాకు చెప్పాడు.

పళ్ళ సందున సన్నగా ఈల వేసేవాడు. గొర్రెల కాపరి ఈల. గొర్రెలు లేకపోయినా అలవాటు పోలేదు. ఆ ఈలకు దక్షిణం ఒడ్డున బండల దగ్గర నీళ్ళలో తలలు లేచేవి. గుండ్రటి గోధుమరంగు తలలు, తడి మీసాలు. నీరుకుక్కలు. ఆయన నీళ్ళకుక్కలు అనేవాడు. చేపలు పట్టేవాళ్ళకు అవంటే పడదు, వలలు చింపేస్తాయని రాళ్ళు వేసేవాళ్ళు. ఈయన మాత్రం, "వల మనది గానీ నీళ్ళు వాటివి కదప్పా" అని వాళ్ళతో వాదం పెట్టుకునేవాడు. వాళ్ళు నవ్వి, "నీ చుట్టాలకు నువ్వే బుద్ధి చెప్పప్పా" అనేవాళ్ళు.

రెండు నెలలకు మోటారు పడవ వచ్చింది. దానితో పాటు లోతు చూసే మిషను, మద్రాసు నుంచి ఒక ఇంజినీరు. ఆయన మంచివాడే. మా ఇద్దరినీ కూర్చోబెట్టి మిషను గురించి ఓపికగా చెప్పాడు. పడవ పక్కన గొట్టానికి కట్టిన డబ్బా నీళ్ళలోకి ఒక శబ్దం పంపుతుంది. అది అడుగున తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి మిషను లోతు లెక్కగడుతుంది. కాగితం చుట్ట తిరుగుతూ ఉంటే దాని మీద సూది నల్లగా కాల్చుకుంటూ పోయేది. కాలిన కాగితం వాసన, టిక్కు టిక్కుమనే చప్పుడు. పొద్దంతా పరిసలులో తిరిగితే అయ్యే పని అరగంటలో అయిపోయేది.

పెద్దనాయనకు మోటారు తోలడం నేర్పారు. నాలుగు రోజుల్లో నేర్చుకున్నాడు. కానీ మొదటి వారమే తగువు వచ్చింది. ఒక చోట మిషను చెప్పిన లోతు కంటే ఈయన గుండు మూరన్నర ఎక్కువ చెప్పింది. ఇంజినీరు మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ అంతే.

పెద్దనాయన మైనానికి అంటిన జారుడు బురదను వేలితో తీసి చూపించాడు. "మీ మిషనుకు నీళ్ళు యాడ అయిపోతాయో తెలుసు సామీ. నా గుండుకు నేల యాడ మొదలవుతాదో తెలుసు. రెంటి నడాన ఇది ఉంటాది."

ఇంజినీరు ఆ మాట తన డైరీలో రాసుకున్నాడు.

ఇంకో మాట మాత్రం ఆయన ఒప్పుకోలేదు. మిషను టిక్కుమన్నప్పుడల్లా బండల దగ్గరి నీళ్ళకుక్కలు తల విదిలించుకుంటున్నాయని పెద్దనాయన అన్నాడు. ఆ శబ్దం మన చెవికి అందనంత సన్నగా ఉంటుంది, చేపలకూ అందదు అన్నాడు ఇంజినీరు.

"మనకు వినపడలేదంటే సద్దే లేనట్టా సామీ?"

ఎవరిది నిజమో నాకు ఈనాటికీ తెలియదు. మోటారు చప్పుడు మాత్రం అందరికీ వినిపించేది. నీటికాకులు మేము రాకముందే లేచిపోయేవి. పడవ రేపిన అలలు ఒడ్డున కొరమీను పిల్లల గుంపును ఆరేసిన బియ్యంలాగా చెదరగొట్టేవి. పెద్దనాయన ఒడ్డు దగ్గరకొచ్చేసరికి మోటారు తగ్గించేవాడు. దక్షిణం ఒడ్డు బండల దగ్గరకైతే అసలు పోయేవాడు కాదు, రాయి విసిరితే పడేంత దూరంలోనే పడవ తిప్పేసేవాడు.

అందువల్ల నా పటంలో దక్షిణాన ఒక తెల్ల చీలిక మిగిలింది. చుట్టూ లోతు గీతలు వచ్చి, అక్కడ ఏమీ లేదు. ఆఫీసులో మా పై అధికారి అందరి ముందూ ఆ పటం ఎత్తి పట్టుకుని, "ఏమ్మా, ఇక్కడ నీళ్ళు లేవా? నీళ్ళలోకి పోవడానికి భయమైతే చెప్పు, మగవాడిని పంపుతాను" అన్నాడు. నవ్వులు వినిపించాయి. నాకు ఇరవై మూడేళ్ళు. ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని.

మరుసటి రోజు పొద్దున ఇంజినీరు ఒడ్డున జెండాల దగ్గర ఉండిపోయాడు. పడవలో ఇద్దరమే. బండల వైపు గీత వచ్చినప్పుడు పెద్దనాయన ఎప్పటిలాగే పడవ తిప్పబోయాడు.

"ఇంకొంచెం దగ్గరకు పో పెద్దనాయనా" అన్నాను.

"వద్దమ్మా. ఆడ తల్లి ఉండాది. బండ సందులో పిల్లలు ఉండాయి, రెండు. ఇంగా కండ్లు తెరిసి పది దినాలు గూడా కాలే."

"ఒక్క గీతే. ఆఫీసులో నన్ను నలుగురి ముందర మాటన్నారు. ఒక్క గీత పోయి వచ్చేద్దాం."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నా కళ్ళలో నీళ్ళున్నాయేమో. పడవను బండల వైపు తిప్పాడు. మోటారు బాగా తగ్గించాడు. పడవ చెక్కను రెండు వేళ్ళతో కొట్టాడు కూడా. ఆ మోటారు చప్పుడులో అది ఎవరికి వినిపిస్తుంది?

బండలు దగ్గరయ్యాయి. గోధుమరంగు తల ఒకటి లేచింది. ఎప్పటిలా మునిగి దూరంగా పోలేదు. మాకూ బండకూ మధ్యలోకి వచ్చింది, మళ్ళీ మునిగింది. పెద్దనాయన "అయ్యో" అంటూ మోటారు ఆపబోయాడు. ఆయన చెయ్యి దాని మీదకు పోయేలోపలే పడవ వెనక మెత్తగా ఒక దెబ్బ తగిలింది. మోటారు ఒక్కసారి గొణిగి ఆగింది.

మిషను మాత్రం ఆగలేదు. టిక్కు టిక్కు. కాగితం తిరుగుతూనే ఉంది.

పెద్దనాయన నీళ్ళలోకి ఒంగి, రెండు చేతులతో దాన్ని పైకి తీసుకున్నాడు. పడవలో తన తువ్వాలు మీద పడుకోబెట్టాడు. నేను తలవైపు చూడలేకపోయాను. పొట్ట మీద పాలు కారుతూ ఉన్నాయి.

అప్పుడు వినిపించింది. బండ సందులోంచి, ఈలలాగా, సన్నగా, ఆపకుండా. రెండు గొంతులు.

ఆయన మళ్ళీ మోటారు పెట్టలేదు. వెదురుగడతో పడవను ఒడ్డుకు తోశాడు. బండల వెనక గుంట తవ్వి పూడ్చాడు. ఒడ్డు వెంబడే గడతో తోసుకుంటూ మేము తిరిగొచ్చేసరికి ఇంజినీరు పరుగున వచ్చాడు. పడవ అడుగు చూసి, రక్తం చూసి, "అంత దగ్గరకు ఎవరు పొమ్మన్నారు? రాళ్ళకు తగిలితే మిషను గతేంటి?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను.

"ఆయమ్మ ఏమీ చెప్పలే సామీ. నేనే పోయినాను" అన్నాడు పెద్దనాయన.

అంతే. నేను తలొంచుకుని పుస్తకం మూశాను. ఆ మాట కాదని అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నా ముందర చాలాసేపు నిలబడింది. నేను దాన్ని పోనిచ్చాను.

ఆ తరువాత ఆయన మోటారు ముట్టనన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. మోటారు తోలనివాడు మాకెందుకన్నారు పైవాళ్ళు. పని పోయింది. పోయేముందు మూడు రోజులు మాత్రం పాత పరిసలు అడిగి తీసుకుని, ఒక్కడే, తెడ్డు చప్పుడు కూడా కాకుండా ఆ బండల ఒడ్డున గుండు వేశాడు. ఒక్కో సాయంత్రం ఆఫీసు గేటు దగ్గరకొచ్చి, "రాసుకోమ్మా" అని లెక్కలు చెప్పేవాడు. "రెండు బారలు, బండ. బారన్నర, ఇసక." నా పటంలో తెల్ల చీలిక అట్లా నిండింది.

ఆఖరి సాయంత్రం అడిగాను. "పిల్లలు?"

"చిన్న చేపలు పెట్టి వచ్చినాను. మొదటి దినం ముట్టలే. నిన్న ఒకటే కనపడె. ఈ పొద్దు రెండూ లేవు." తాడు చుట్టను చేతులు మార్చుకున్నాడు. "వాటి మందలో ఇంకోటి వచ్చి ఎత్తుకోని పోయిందో, నక్క పట్టిందో. చచ్చినాయని తెలిస్తే ఏడ్చి ఊరుకుందును. తెలీదు కదమ్మా."

మిషను కాగితం మీద ఆ చోటు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. అడుగు గీత నల్లగా సాగుతూ ఉంటుంది. దానికి పైన, నీళ్ళలో, ఆ తల్లి మునిగిన చోట, గోరంత మచ్చ. దాన్ని దిద్దేటప్పుడు అడుగు గీతను మాత్రమే దిద్దాను. మచ్చను వదిలేశాను. పటం బాగుందని మెచ్చుకున్నారు.

తరువాత నాకు పెళ్ళయి హోసూరు వచ్చాను. పెద్దనాయన కుందారపల్లిలో రోడ్డు పక్కన చిన్న ఇల్లు వేసుకుని మళ్ళీ గొర్రెలు పెట్టుకున్నాడని తెలిసింది. పెళ్ళయిన రెండో ఏట ఒకసారి అరటిపండ్లు తీసుకుని చూడబోయాను. ఆ రోజు చెప్పేయాలనే వెళ్ళాను. ఆయన భార్య ముందర, ఆయన పిల్లల ముందర, దగ్గరకు పొమ్మన్నది నేనేనని.

"వాకిట్లో నిలబడినావేమ్మా, రా రా" అని మంచం దులిపి వేశాడు. ఆయన భార్య, పెద్దమ్మ, మజ్జిగ ఇచ్చింది. మాటల్లో మాటగా, "ఈయప్ప మాదిరి కాపరి యాడా లేడమ్మా. ఒక్క ఈల వెయ్యడు. నోటితో హై హై అనుకుంటా పొద్దంతా మంద వెనకాలే పరిగెత్తుతాడు" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

అప్పుడే రోడ్డు మీద ఒక లారీ బ్రేకు వేసింది. సన్నగా, పొడుగ్గా కీచుమంది. పెద్దనాయన మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. రోడ్డు వైపు కాదు, చెరువు లేని, నీళ్ళు లేని ఎండు మిట్ట వైపు చూశాడు. లారీ పోయింది. ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు.

"పటంలో తెల్లగా ఏమీ మిగల్లేదు కదమ్మా?"

"లేదు పెద్దనాయనా" అన్నాను.

"అయితే సరే."

నేను చెప్పాలని వెళ్ళిన మాట చెప్పకుండానే బస్సెక్కాను. ఆ తరువాత చాలాసార్లు వెళ్ళాలనుకున్నాను. జూజువాడి దగ్గర చెక్‌పోస్టులో లారీలు వరసగా బ్రేకులు వేసే చోట బస్సు ఆగినప్పుడల్లా నేను చెవులు మూసుకోవడం మొదలుపెట్టాను. కుందారపల్లికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

ఆయన పోయిన పదకొండో రోజున కుందారపల్లి వెళ్ళాను. వచ్చిన వాళ్ళంతా తిని వెళ్ళాక, పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, నా కళ్ళు నేల మీదే పెట్టుకుని.

ఆమె కొంగు సర్దుకుని అంది: "మధ్యాన్నం కునుకు తీసినా అదే కలవరింతమ్మా ఆయప్పది. 'ఆయమ్మ ఏమీ చెప్పలే సామీ, నేనే పోయినాను.' ఆ మాటే. ఎవరా అమ్మ అని అడిగితే లేచి బయటికి పోతా ఉండె. నువ్వు పండ్లు తీసుకోని వచ్చి వాకిట్లో 'పెద్దనాయనా' అని పిలిచినావు చూడు, ఆ పొద్దు ఆయప్ప ముఖం చూసినాను. ఆ పొద్దే తెలిసిపాయె."

"ఇన్నాళ్ళూ తెలిసి..."

"తెలిసి ఏం చేసేది? ఆయప్ప దాచిపెట్టింది నేను తియ్యనా?" ఆమె గొంతు పెరగలేదు. "ఇప్పుడు చెప్తా ఉండావు. ఆయప్ప ఉండంగా వచ్చి ఒక్క మాట చెప్పుంటే, నాలుగు దినాలన్నా నెమ్మదిగా నిద్రపోయి ఉండునేమో."

ఇది చదివే మీలో ఎవరైనా, మీ బదులు ఇంకొకరు తలకెత్తుకున్న మాట ఒకటి మోస్తూ ఉంటే, వాళ్ళు ఉండగానే వెళ్ళి చెప్పండి. అంతకు మించి చెప్పే అర్హత నాకు లేదు.

పెద్దమ్మ లేచి, "తినలేదు కదా నువ్వు. కూచో" అని ఆకు వేసింది. తిన్నాను. సాయంత్రం కావస్తోంది. పక్కింటాయన మేపుకొచ్చిన పెద్దనాయన గొర్రెలు రోడ్డు అవతలికి వచ్చి ఆగాయి. లారీలు లేవు, దారి ఖాళీగా ఉంది. పక్కింటాయన కర్రతో అదిలించాడు. పెద్దమ్మ వాకిట్లోంచి రెండుమూడు సార్లు పిలిచింది. ఒక్కటీ కదలలేదు. మంద మొత్తం మాకు వీపు పెట్టి, తాము వచ్చిన మిట్ట దారి వైపు తిరిగి, ఇంకా రావలసిన వాళ్ళెవరో వెనకబడ్డట్టు చూస్తూ నిలబడి ఉంది.